గుంత దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివా. టిబెట్ పీఠభూమి పెర్మాఫ్రాస్ట్‌లో ఉన్న కార్బన్ గురించి తెలుగులో రాయాలనుకోవడమే నాకు చాలా సంతోషం, ఎందుకంటే దీని గురించి మనవాళ్లు రాసింది చాలా తక్కువ. అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా, ఏమనుకోకు.

ముందు పెర్మాఫ్రాస్ట్‌కి నువ్వు పెట్టిన ఆ "శాశ్వత మంచు" అనే మాట తీసెయ్. నేనూ మొదట్లో అలాగే రాశా, ఒక పాఠకుడు ఫోన్ చేసి మంచు మీద గడ్డి ఎలా మొలుస్తుందండీ అని అడిగారు, అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. పెర్మాఫ్రాస్ట్ అంటే కనీసం రెండేళ్లు వరసగా సున్నా డిగ్రీలు దాటని నేల, అది మట్టి కావచ్చు రాయి కావచ్చు, అందులో మంచు బాగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. దాని పైన ఉండే మట్టి పొర ప్రతి వేసవిలో మెత్తబడి చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది, గడ్డి వేళ్లూనుకునేది ఆ పొరలోనే. పెర్మాఫ్రాస్ట్ అనే రాసి, ఒక్కసారి ఇలా విప్పి చెప్తే చాలు.

ఇక ఆ 1,500 బిలియన్ టన్నుల కార్బన్ అనే అంకె. అది ఆర్కిటిక్ చుట్టూ ఉన్న నేలలది తమ్ముడూ, నువ్వు తెచ్చి టిబెట్ పేరా మధ్యలో పెట్టేశావ్. ఇక్కడ నేల 4,000 మీటర్ల పైన ఉంది, చాలాచోట్ల సున్నాకి ఒకటి రెండు డిగ్రీలే కింద, కొంచెం వేడెక్కినా గడ్డ వదిలేస్తుంది. ఇక్కడి కథ ఇదీ, దీన్ని ఆర్కిటిక్ అంకెతో కప్పేయకు.

నాకు అన్నిటికంటే నచ్చింది నువ్వు మూడు లైన్లలో తేల్చేసిన గుంత, అదే కార్బన్ కొలవడానికి మట్టి తీసే గుంత. అక్కడ ఆగు. మట్టిలో కార్బన్ శాతం కొలిస్తే సరిపోదు, ఆ మట్టి ఎంత బిగుతుగా ఉంది, ఎంత లోతు, అందులో గులకరాళ్లు ఎంత అన్నీ కావాలి, కొండ నేలలో రాళ్లు సగం ఉంటే వాటిని తీసేయకుండా లెక్క కడితే కార్బన్ రెట్టింపు కనిపిస్తుంది. సున్నం ఉన్న నేలైతే ఆసిడ్ వేసి ఆ సున్నంలోని కార్బన్ వేరు చేయాలి, లేకపోతే అదీ ఆర్గానిక్, అంటే చచ్చిన మొక్కల నుంచి వచ్చిన కార్బన్ లెక్కలో కలిసిపోతుంది. శాస్త్రవేత్తల అంచనాలు ఒకదానికొకటి ఎందుకు కలవవో పాఠకుడికి ఇక్కడే అర్థమవుతుంది.

"కార్బన్ బాంబు" టైటిల్ మాత్రం వద్దు. బాంబు ఒక్క క్షణంలో పేలుతుంది, ఇది గడ్డ వదిలిన నేలలో పాత మొక్కల అవశేషాలు ఏళ్ల తరబడి కుళ్లడం. సూక్ష్మజీవులకి గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్, నీళ్లు నిలిచిన బురదలో అయితే మీథేన్ కూడా, మరోపక్క వెచ్చదనానికి గడ్డి ఎక్కువ పెరిగి కొంత కార్బన్ తిరిగి లాక్కుంటుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి రాస్తే భయపెట్టక్కర్లేదు, చదివేవాళ్లకి విషయం దానంతటదే బరువుగా తగుల్తుంది.

2006లో మొదలైన చింగ్హై-టిబెట్ రైలు గురించి కూడా రాయి, కట్ట కింద నేల మెత్తబడకుండా చల్లగా ఉంచడానికి రాళ్లు పేర్చారు, అది చాలామందికి కళ్లకు కట్టినట్టు ఉంటుంది. కానీ మొదటి పేరా అది కాదు, గుంత. రెండో డ్రాఫ్ట్ పంపు, గులకరాళ్ల లెక్క పొడుగైందని మాత్రం కత్తిరించకు.

మీ అన్నయ్య