గోదావరి జిల్లాల్లో సొంత సినిమా కంపెనీ ఎందుకు నిలబడలేదు?

ఇంతమంది సినిమావాళ్లు పుట్టిన గోదావరి జిల్లాల్లో ఒక్క నిర్మాణ సంస్థయినా ఎందుకు నిలబడలేదని అడిగారు.

పెట్టినవాళ్లు లేకపోలేదండీ. 1936లోనే నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ కట్టారు. ఆంధ్రాలో మొదటి స్టూడియో అదే. కానీ ల్యాబులూ ఆర్టిస్టులూ మద్రాసులో, పంపిణీ ఆఫీసులు బెజవాడలో ఉంటే ఒంటరి స్టూడియో ఎన్నాళ్లు ఆగుతుంది? మన చేలల్లో పండిన డబ్బు కూడా రైలెక్కి అక్కడికే పోయింది.

ఇక్కడికి మనసుతో వచ్చింది నా లెక్కలో బాపు-రమణలే. ఒకరిది నరసాపురం, ఇంకొకరిది ధవళేశ్వరం. 1967లో 'సాక్షి'ని సెట్టు వెయ్యకుండా పులిదిండిలో తీశారు. తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వానికి వీడియో పాఠాలు, ఈటీవీకి భాగవతం. ఎక్కడ తీసినా అందులో గోదావరి కనపడేది.

మిగతావాళ్లు వచ్చి వాడుకుని పోయారు. ఇది కోపంతోనే రాస్తున్నాను. 1993లో సంక్రాంతి వెళ్లాక ఓ చిన్న కంపెనీ సీరియల్ తీస్తామని రావులపాలెం అవతల మా మండువా లోగిలికొచ్చింది. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. మూడు రోజులన్నవాళ్లు పదకొండు రోజులున్నారు. అరుగు పొడుగునా ట్రాలీ పట్టాలు, వీధిలో రొదపెట్టే జనరేటరు. లైట్లు వేలాడదీయడానికి మా తాతగారు వేయించిన టేకు దూలానికి మేకులు కొట్టారు. మా మామ్మ ఒక్క మాటా అనలేదు. ఎందుకంటే డైరెక్టరుగారు ఆవిడకి ఓ వేషం ఇచ్చారు: హీరోకి మజ్జిగ గ్లాసు అందించడం. పట్టుచీర కట్టుకుని, చెయ్యి వణక్కుండా నాలుగుసార్లు అందించింది. "చాలా బాగా చేశారండీ మామ్మగారూ" అని కెమెరామన్ అంటే ఆ రాత్రి నిద్రపోలేదు.

అద్దె చెక్కు రెండుసార్లు తిరిగొచ్చింది. సీరియలూ టీవీలో రాలేదు, కంపెనీయే మూతపడిందన్నారు. "ఇవాళేమైనా వస్తుందేమో చూడరా" అంటూ మామ్మ రెండేళ్లు అడిగింది. చూడకుండానే పోయింది.

ఇప్పటివాళ్లకైతే డ్రోనుతో నాలుగు కొబ్బరితోటలు తీసి, ప్రతి మాట చివరా 'ఆయ్' తగిలిస్తే కోనసీమ అయిపోతుంది. మా మామ్మ జన్మలో అలా మాట్లాడలేదు. వందల సినిమాల్లో కనపడ్డ, కుమారదేవంలో గోదావరి ఒడ్డునున్న నిద్రగన్నేరు చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. దాని నీడలో తీసిన కంపెనీల్లో ఒక్కటైనా ముందే దాని వేళ్ల దగ్గర ఒడ్డు కోసుకుపోకుండా చూసి ఉండాల్సింది.

కంపెనీ నిలబడాలంటే తీసిన ఊళ్లో దానికి ఇల్లుండాలి, బాకీ ఉంటే మొహం చూపించాలి. మనకి ఆ వరస పడలేదు, అంతే.

మొన్న మా లోగిలి విప్పేశారు. కలప కొన్నాయన్ని బతిమాలి ఆ దూలం ఒక్కటీ తెచ్చుకున్నాను. ఏడు మేకుల బెజ్జాలున్నాయి. మామ్మ మైనంతో పూడ్చినవి.