మీరు వెతుకుతున్నది ‘జింజర్ స్నాప్స్’

పేరు గుర్తురాని ఓ సినిమా గురించి అడుగుతూ, అక్కాచెల్లెళ్లు, రాత్రిపూట అక్కను ఏదో మృగం కరవడం, తర్వాత ఆమెకు తోక మొలవడం అని మీరు రాయగానే గుర్తుపట్టానండీ. అది 2000లో వచ్చిన కెనడా హారర్ సినిమా, కాటు పడ్డ అమ్మాయి మెల్లగా తోడేలులా మారిపోయే కథ. దర్శకుడు జాన్ ఫాసెట్, స్క్రీన్‌ప్లే రాసింది కారెన్ వాల్టన్. వెతికినప్పుడల్లా మీకు కనిపిస్తున్న ‘క్యారీ’ 1976 నాటిది. అదీ మొదటి నెలసరితోనే మొదలవుతుంది గానీ, ఆ అమ్మాయికి వచ్చేది వస్తువులను మనసుతో కదిలించే శక్తి. ఒళ్లు మారదు.

కాటుకూ నెలసరికీ సంబంధమేమిటని అడిగారు. అక్క జింజర్ పెద్దమనిషైన రాత్రే ఆ దాడి జరుగుతుంది. ఇక ఆ తర్వాత రక్తస్రావం, కొత్తగా వెంట్రుకలు, కోపం, అబ్బాయిల మీద ఆసక్తి... వీటిలో ఏది వయసు వల్ల, ఏది కాటు వల్ల? ఎవరికీ తెలీదు. స్కూల్ నర్సు దగ్గరికెళ్తే అన్నీ మామూలే అని నవ్వుతూ పంపేస్తుంది. నన్ను అన్నిటికంటే వణికించింది ఆ సీనే. పిల్ల భయపడుతూ నిజం చెబుతుంటే పెద్దవాళ్ల దగ్గర ముందే తయారుగా ఉన్న జవాబు ఒక్కటే.

కోరిక కలిగిందని అమ్మాయిని శిక్షించే సినిమా అని కొందరంటారు, నేను ఒప్పుకోను. కథంతా చెల్లెలు బ్రిజిట్ కళ్లతో నడుస్తుంది. అక్కను ఆ మార్పు నుంచి కాపాడాలని ఆమె వత్సనాభి మొక్కతో మందు తయారుచేస్తుంది.

2004లో ఇంకో రెండు భాగాలొచ్చాయి. మీ గుర్తులన్నీ మొదటిదానివే. కుక్కలు చనిపోయే దృశ్యాలున్నాయి, చూసేముందు తెలిసుండటం మంచిది.