పియానో కథ చాలు, ఏం వినిపించిందో రాయి

తమ్ముడూ,

అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ ఒంటరిగా, అప్పటికప్పుడు అల్లి వాయించిన కచేరీ రికార్డు ‘కొలోన్ కన్సర్ట్’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. సగంలో చిరాకొచ్చి పక్కన పడేశాను, మళ్ళీ తీసి పూర్తిచేశాను.

చిరాకు ఎందుకంటే, వ్యాసంలో ముప్పాతిక భాగం ఆ పాడు పియానో గురించే. 1975 జనవరి 24 రాత్రి, జర్మనీలో కొలోన్ ఆపెరా హౌస్, అడిగిన పెద్ద బోసెండార్ఫర్ కంపెనీ పియానో బదులు చిన్నది రావడం, పెడల్స్ సరిగ్గా పనిచెయ్యకపోవడం, ఆయనకి నడుంనొప్పి, ఆపెరా అయ్యాక పదకొండున్నరకి కచేరీ. ఇదంతా నెట్‌లో ఎవరైనా చెప్తారు, మేనేజ్‌మెంట్ క్లాసుల్లో కూడా చెప్తున్నారు. ఇంతకీ రికార్డు విన్నావా? విన్నావనిపించింది ఒక్కచోటే. “ఎడమ చెయ్యి అక్కడక్కడే తిరుగుతుంటే కుడి చెయ్యి వెళ్ళలేక వెళ్తోంది” అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం నీది.

సంగీతం మీద రాసేవాడు చెవితో రాయాలి. ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను, ఇంకా మొత్తుకుంటాను. ఆ పియానో పై స్వరాలు రేకు మోగినట్టు మోగేవి, కింది స్వరాల్లో బలం లేదు, అందుకని ఆయన ఎక్కువగా మధ్యలోనే ఉండి, ఎడమచేత్తో ఒకే వరస మళ్ళీమళ్ళీ వాయించి బాస్‌ని నిలబెట్టాడు. మొదటి భాగం 26 నిమిషాలైతే అందులో దాదాపు 12 నిమిషాలు ఏ మైనర్ సెవెన్త్, జీ మేజర్, ఈ రెండు కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మీదే నడుస్తుంది. రెండే! కాసేపు లయ వదిలేసి నెమ్మదిగా, కాసేపు చర్చిపాటలా ఊగుతూ. అంతసేపూ మనకి విసుగు ఎందుకు రాలేదు? అది రాయి. ఆయన మూలుగులు, కాలు నేలకేసి కొట్టడం రికార్డులో స్పష్టంగా ఉన్నాయి, నీ వ్యాసంలో లేవేం?

పైగా పియానో పాడవ్వడం వల్లే అంత గొప్ప సంగీతం పుట్టిందని తేల్చేశావు. బ్రెమెన్, లొసాన్ ఊళ్ళలో జారెట్ సోలో కచేరీలు 1973లోనే మూడు ఎల్పీ రికార్డులుగా వచ్చాయి కదా. 1976లో జపాన్‌లో ఐదు ఊళ్ళలో వాయించినవి పది ఎల్పీల ‘సన్ బేర్ కన్సర్ట్స్’ అయ్యాయి. చెప్పుకోడానికి ఇలాంటి కథ లేదు కాబట్టి వాటి గురించి ఎవరూ రాయరు. నాకు మండేది అక్కడే.

ఒకప్పుడు ఒక వారపత్రికకి కచేరీల మీద రాసేవాణ్ణి. ఒక గాయని తోడి రాగం ఆలాపనలో గాంధారం దగ్గర ఎలా నిలిచిందో, పంచమాన్ని ఎంతసేపు దాటేసుకుంటూ పోయిందో రాత్రంతా కూర్చుని రాశాను. ఎడిటర్ అదంతా కొట్టేసి ఆవిడ చిన్ననాటి కష్టాలు, పట్టుచీర ఉంచాడు. “జనానికి కావాల్సింది ఇదేనయ్యా” అన్నాడు. పేజీ తగ్గిందని డబ్బులూ తగ్గించాడు, ఇంటద్దెకి అప్పు చెయ్యాల్సొచ్చింది. జనానికి ఏం కావాలో వాళ్ళని ఎవరడిగారు? ఇప్పుడు ఆ కష్టాల కథకే స్ఫూర్తి అని పేరు పెట్టారు, అంతే తేడా.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో భాగం మొదటి ఎనిమిది నిమిషాలు విను, డీ మేజర్‌లో ఎడమచెయ్యి ఎలా తిరుగుతోందో ఒక పేజీ రాసి అది నాకు పంపు. కొలోన్ కచేరీ ఏర్పాటు చేసిన వెరా బ్రాండెస్ వయసు నీ వ్యాసంలో ఒకచోట పద్దెనిమిది, ఇంకోచోట ఇరవై అని ఉంది. పద్దెనిమిదే, సరిచెయ్యి.