పుస్తకం ఎక్కడ మూశావో రాసుకో

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ, దాంతోపాటు ఈమధ్య చదివిన నవలల మీద నువ్వు రాసుకున్న నోట్సు అందాయి. ముందు నోట్సు సంగతి. అన్ని పుస్తకాలూ నీ మనసును కదిలించేశాయట! ఒక్కటి కూడా విసుగు పుట్టించలేదా? మధ్యలో ఫోన్ చూసుకోలేదా? పుస్తకావిష్కరణ సభలో మైకు పట్టుకున్నట్టు సొంత నోట్‌బుక్‌లో కూడా మాట్లాడితే ఎలా తల్లీ? అక్కడ వినేవాళ్ళెవరూ లేరు కదా.

నా నోట్సులో ఏముంటుందో చెప్తాను. ఈ వేసవిలో మళ్ళీ చదివినవే.

‘కాలాతీత వ్యక్తులు’. డాక్టర్ పి. శ్రీదేవి రాసింది, 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. మొదట్లో ఇందిర మీద ఒళ్ళు మండింది. తన అవసరం తప్ప ఇంకోటి పట్టని మనిషి. కొంత దూరం పోయాక, ఆమె లేని పేజీల్లో నాకు తోచడం మానేసింది. ఎందుకా అని వెనక్కి తిప్పి చూశాను. శ్రీదేవి ఆమెను వెనకేసుకు రాదు, అలాగని శిక్షించదు కూడా. అదే నవలలోని ప్రకాశం పిరికితనం చూశాక ఇందిరే నయమని మనంతట మనకే అనిపిస్తుంది. నీ కథలో అత్తగారు గుమ్మంలో అడుగు పెట్టకముందే ‘కర్కశురాలు’ అని తీర్పు చెప్పేశావు. ఇక నేను తేల్చుకోవడానికి ఏం మిగిలింది?

‘అంపశయ్య’. 1969 నాటి నవీన్ నవల. ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. నిజం చెప్తున్నా, సగానికొచ్చేసరికి అతని దిగులు మొయ్యలేక పుస్తకం పక్కన పడేశాను. కానీ ‘బోరు’ అని రాసి ఊరుకుంటే రాసేవాళ్ళకి ఏం లాభం? ఎక్కడ ఆపానో అక్కడికే వెళ్ళి చూశాను. బయట ఏదో ఒకటి తగిలి, దాని వెంట అతని ఆలోచన పరిగెత్తినంతసేపూ నేనూ పరిగెత్తాను. ఆలోచన మీద ఆలోచన పేరుకున్న చోట నా కళ్ళు వరసలకు వరసలు దాటేశాయి. ఆ ఊపిరాడనితనం నవీన్ కావాలనే తెచ్చాడనేవాళ్ళున్నారు. కావచ్చు. నా కళ్ళు దాటేసిన మాట కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు నీ బస్సు ఘట్టం తీసుకో. గుంటూరులో ఎక్కిన పిల్ల విజయవాడ దాకా కిటికీ పక్కన కూర్చుని చిన్నతనం తలుచుకుంటుంది. రెండు పేజీలు! కండక్టర్ టికెట్ అడగడు, చిల్లర గొడవ రాదు, పక్క సీటావిడ సంచీ సర్దుకోమనదు. మంగళగిరి దగ్గరైనా ఎవరో ఒకరు ఆ పిల్లను కదపాలి. ఇదే పని వేరేవాళ్ళ నవలలో చూసి ఉంటే నువ్వూ దాటేసేదానివే. కాకపోతే దాటేశానని నోట్సులో రాసేదానివి కాదు, అందుకే నీ కథలో అది నీకు కనబడలేదు.

ఇంకోటి. నీ జాబితాలో యండమూరి లేడు, యద్దనపూడి లేదు. చదవలేదా, చదివి దాచావా? చేతబడి నేను నమ్మను. అయినా యండమూరి ‘తులసీదళం’ పట్టుకున్న రాత్రి లైటు ఆర్పలేదు. నమ్మని మనిషి చేత పేజీలు తిప్పించడం చిన్న విద్య కాదు. పత్రికకి సీరియల్ రాసేవాళ్ళు వచ్చే సంచిక దాకా పాఠకుణ్ణి టెన్షన్‌లో నిలబెట్టాలి మరి. యద్దనపూడి ‘సెక్రటరీ’లో జయంతి, రాజశేఖరం ఒక్క పూట కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థాలు చూసి చిరాకేసింది. అదే నవలలో, ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల యజమాని ఎదుట తన అభిమానం వదులుకోకపోవడం ఆ రోజుల్లో అమ్మాయిలకు ఎందుకంత నచ్చిందో కూడా తెలిసొచ్చింది. రెండూ పక్కపక్కనే రాసుకున్నాను.

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ దగ్గర మాత్రం తిట్టడానికి ఏమీ దొరకలేదు. పేరైనా లేని ముసలివాడు, తప్పిపోయిన సూడి పంది, రాత్రి, అడవి. అంతే సరంజామా. ఎక్కడ ఆగానా అని చూస్తే ఆగిన చోటే లేదు.

ఇవన్నీ బయటికి చెప్పక్కర్లేదు. మొదటి పుస్తకం అచ్చేసుకుని ఆశగా నిలబడ్డ కుర్రాడి ముఖం మీద అనే మాటలు కావివి. నోట్‌బుక్‌లో మాత్రం మొహమాటపడకు.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఏదైనా దొరికితే చదువు. అందులోని డిటెక్టివ్ యుగంధర్ కన్నా ముందే నీకు ఎవరి మీద అనుమానం వచ్చింది, ఏ వాక్యం దగ్గర అది ఇంకొకరి మీదికి మళ్ళింది, మార్జిన్‌లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. లైబ్రరీ పుస్తకమైతే విడి కాగితం మీద. ఆ కాగితం, తిరగరాసిన బస్సు ఘట్టం కలిపి పంపు. కొత్త కథ అప్పుడే వద్దు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ