వాదించే ముందు కారు కిందకు చూడు

చి. కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఫోక్స్‌వాగన్ వాళ్ల వేగవంతమైన కారు గోల్ఫ్ జీటీఐ మన దేశానికి వచ్చినప్పటి నుంచి మీ స్నేహితుల్లో ఒకరి మాట ఒకరికి పడడం లేదని రాశావు. ఒకడికి దాని ముఖం చప్పగా ఉంది. ఇంకొకడికి, ఒకప్పుడు చిన్న కారుకున్న ఆ పేరు పెట్టుకోవడానికి అది మరీ పెద్దది. నీకేమో దాదాపు అర కోటి పోసి కొనే కారుకు ఇంజిను బలం ముందు చక్రాలకే అందడం మింగుడుపడడం లేదు. తీర్పు చెప్పమన్నావు. తీర్పు చెప్పను గానీ ఇలాంటి కారును ఎలా చూడాలో చెబుతాను. మీరు మూడు తగవులు అనుకుంటున్నది నా లెక్కలో ఒకటే. ఇంజిను ఎక్కడ, ఏ దిశలో కూర్చుందో తేలితే సైజూ రూపూ సగం అక్కడే తేలిపోతాయి.

షోరూముకు వెళ్లగానే ముఖం జోలికి పోకు. పక్కకు వెళ్లి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చో. చక్రం పైన ఉన్న మడ్‌గార్డు అంచుకూ ముందు తలుపు అంచుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చేత్తో కొలిచి చూడు. ఇంజిను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పే కార్లలో ఆ ఖాళీ తక్కువ. చక్రం తలుపుకు దగ్గరగా జరుగుతుంది, ఇంజిను బరువు చాలావరకు దాని ముందుకు పోతుంది. నిలువుగా ఇంజిను పెట్టి వెనక చక్రాలను తిప్పే కారులో చక్రం ముందుకు జరుగుతుంది, బానెట్ పొడుగవుతుంది. ఆ పొడుగు చూసి ‘ఏం ఠీవి!’ అంటారు మీరు. ఆ ఠీవికి మూల్యం వెనక సీటులో కూర్చున్నవాడి మోకాళ్లు చెల్లిస్తాయి.

బీఎండబ్ల్యూ 1 సిరీస్ కథే చూడు. 2004లో వచ్చిన మొదటి తరం వెనక చక్రాల కారు. నడిపేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. వెనక కూర్చున్నవాళ్లు మాత్రం ఇరుకని గొణిగారు. 2019లో వచ్చిన మూడో తరంలో ఇంజినును అడ్డం తిప్పారు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 20 మి.మీ. తగ్గినా వెనక సీటులో చోటు పెరిగింది. వాటిలో వేగవంతమైన మోడల్ ఆరు సిలిండర్లు వదులుకుని నాలుగింటికి దిగింది, నాలుగు చక్రాలకూ బలం అందే డ్రైవ్‌తోనే వచ్చింది. ఐరోపాలో అభిమానులు ఇప్పటికీ దీని మీద కొట్టుకుంటారు. రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. వెనక సీటులో ఎవరూ కూర్చోని ఇంట్లో అయితే నేను పాత కారు వైపే ఉంటాను.

ఇక నీ అసలు ఫిర్యాదు. ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి అంటే టైర్లకు పని ఎక్కువే. పైగా యాక్సిలరేటర్ నొక్కిన క్షణాన బరువు వెనక్కు వాలి ముందు టైర్ల పట్టు సడలుతుంది. ఎవరైనా తెలిసిన మెకానిక్ ర్యాంపు మీద ఇలాంటి ఏదో ఒక పాత కారును ఎక్కించినప్పుడు కిందకు వెళ్లి చూడు. గేర్‌బాక్సు ఒక పక్కకు ఉంటుంది కాబట్టి చక్రానికి బలం అందించే కడ్డీల్లో, అంటే డ్రైవ్ షాఫ్టుల్లో, ఒకటి పొట్టిగా, రెండోది పొడుగ్గా కనిపిస్తుంది. కాలు గట్టిగా నొక్కితే స్టీరింగ్ ఒక పక్కకు లాగడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఇంజినీర్లు దీనికి విరుగుడు వెతుకుతూనే ఉన్నారు. హోండా సివిక్ టైప్ ఆర్‌లో స్టీరింగ్ తిరిగే ఇరుసును చక్రం మధ్యభాగానికి దగ్గరగా తెచ్చి ఆ లాగుడును తగ్గించారు. ఆ కారు 2023లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకును 7 నిమిషాల 44.881 సెకన్లలో చుట్టి ముందు చక్రాల కార్లలో రికార్డు పట్టింది. గోల్ఫ్ జీటీఐలో ముందు డిఫరెన్షియల్‌కు, అంటే రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టెకు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో బిగిసే క్లచ్ ఉంది. మలుపులో బయటి చక్రానికి బలం మళ్లించడం దాని పని. కాబట్టి ‘ముందు చక్రాలే కదా’ అని పెదవి విరవడం కుదరదు. 265 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) బలాన్ని ఆ రెండు టైర్లు ఎలా మోస్తున్నాయన్నదే ప్రశ్న.

నాలుగు చక్రాల డ్రైవే గొప్పదని టొయోటా జీఆర్ యారిస్ పేరెత్తిన నీ మిత్రుడికి ఒక మాట చెప్పు. మన దేశంలో అమ్మని కారును పొగడడానికి పైసా ఖర్చు ఉండదు. అది మంచి కారు కాదని కాదు. ర్యాలీ పోటీలను దృష్టిలో పెట్టుకుని కట్టిన కారు, వెనక చక్రాల మీద ఉబ్బిన ఆ తుంటి, వెనక్కు వాలిన పైకప్పు షోకు కోసం వచ్చినవి కావు. వాటికి చెల్లించిన మూల్యం డిక్కీలో కనిపిస్తుంది, అక్కడ 174 లీటర్ల చోటే మిగిలింది. ఇంకో తమాషా ఉంది. మీరంతా చిన్నదంటున్న ఆ కారు వెడల్పు 1,805 మి.మీ. ‘పెద్ద’ గోల్ఫ్ వెడల్పు 1,789. మన సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినప్పుడు నిన్ను ఇబ్బంది పెట్టేది పొడవు కాదు, వెడల్పు.

పొడవు గురించి మాట్లాడితే మన చట్టాన్ని మరిచిపోకూడదు. 2006 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజిను కార్లకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబరు నుంచి అలాంటి కార్లకు జీఎస్‌టీ 18 శాతం, పెద్దవాటికి 40. అందుకే టాటా ఆల్ట్రోజ్ రేసర్ 3,990 మి.మీ. దగ్గర, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 3,995 దగ్గర ఆగిపోయాయి. బంపరు ఎంత బయటకు రావాలో మన దగ్గర డిజైనరు కంటే ముందు పన్ను శాఖే నిర్ణయిస్తుంది. 1976 నాటి మొదటి జీటీఐ సుమారు 3.7 మీటర్లు, 810 కిలోలు, 110 పీఎస్. ఇప్పటిది దాదాపు 4.29 మీటర్లు. పెరిగిందన్న మాట నిజమే. కానీ ఆనాటి కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. ఈనాడు అవి లేని కారులో నిన్ను ఎక్కనివ్వను.

రూపం దగ్గర నాకున్నది ఒకటే పరీక్ష. గాలి కోసం పెట్టినట్టు కనిపించే ప్రతి రంధ్రంలోనూ వేలు పెట్టి చూడు. లోపలికి పోతే సరే. నల్ల ప్లాస్టిక్ తగిలితే అది అలంకారం. 2017 సివిక్ టైప్ ఆర్‌ను ఈ విషయంలో చాలామంది ఎగతాళి చేశారు, తర్వాతి తరంలో హోండా ఆ గోల బాగా తగ్గించింది. గ్రిల్ మీద సన్నని ఎర్ర గీత చాలని 1976లోనే తేల్చుకున్న జీటీఐ నా కంటికి చప్పగా అనిపించదు.

టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డు, కాస్త గతుకులున్న రోడ్డు ఎంచుకో. గేరును నీ చేతిలోకి తీసుకుని రెండులో పెట్టు. ముప్ఫై వేగంలో స్టీరింగ్‌ను రెండు చేతులతో, కానీ వదులుగా పట్టుకుని కాలు నొక్కు. స్టీరింగ్ ఎటు లాగిందో, ఎంత లాగిందో గుర్తుపెట్టుకో, వేగ పరిమితి రాకముందే కాలు తీసెయ్యి. తర్వాత ఒక స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా కాకుండా సూటిగా, నెమ్మదిగా దాటించి కింద ఏమైనా గీసుకుందేమో విను.

తిరుగు దారిలో మీ నాన్నను వెనక సీటులో కూర్చోబెట్టు, వాడి మోకాళ్లే చెబుతాయి. వాడికి ధర చెప్పే పని మాత్రం నాకు అప్పగించకు.

ఇట్లు,
పెదనాన్న