ఇంట్లోని ఆఫీసు గదికి పన్ను లెక్క

ప్రశ్న: విజయవాడ పటమటలో నెలకు 18,000 రూపాయల అద్దె ఇంట్లో ఉంటూ ప్రచురణ సంస్థలకు అనువాదాలు చేస్తున్నాను. ఒక గదిని పనికే కేటాయించాను. అద్దె, కరెంటు, ఇంటర్‌నెట్, 2025 నవంబరు 10న 60,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్: వీటిలో ఎంత ఖర్చుగా చూపవచ్చు? కొత్త పన్ను విధానంలో ఇవేవీ కుదరవని మా బంధువు ఒకాయన అంటున్నారు.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ బంధువు గారు రెండు విషయాలను కలిపేసినట్టున్నారు. కొత్త విధానంలో పోయేవి జీవిత బీమా ప్రీమియం, పిల్లల స్కూలు ఫీజు వంటి వ్యక్తిగత మినహాయింపులు. వృత్తి కోసం పెట్టిన ఖర్చును తీసివేశాకే ఆదాయం తేలుతుంది కాబట్టి, పాత, కొత్త విధానాల్లో ఏది ఎంచుకున్నా ఆ ఖర్చును ఆదాయంలోంచి తీసివేసుకోవచ్చు.

2025-26 ఆదాయానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం వస్తుంది, సెక్షన్ల సంఖ్యలు మారతాయి. పాత చట్టం సెక్షన్ 38 ప్రకారం, కాపురం ఉంటున్న ఇంట్లోనే కొంత భాగాన్ని వృత్తికి వాడుకుంటే, అద్దెలో ఆ భాగం వంతు మాత్రమే ఖర్చుగా చెల్లుతుంది. మీ ఇల్లు 1,080 చదరపు అడుగులు, గది 135 అడుగులు అనుకుంటే ఎనిమిదో వంతు, అంటే నెలకు 2,250, ఏడాదికి 27,000 రూపాయలు. రోజంతా ఇంట్లోనే పని చేస్తున్నాను కదా అని సగం అద్దె రాసుకునేవారు ఉన్నారు గానీ, చట్టం లెక్కలోకి తీసుకునేది గది వంతునే తప్ప మీ పనిగంటలను కాదు. పండగలకు చుట్టాలొస్తే పరుపులు పరిచేది కూడా ఆ గదిలోనే అయితే, ఎనిమిదో వంతును కూడా కాస్త తగ్గించుకోవడమే న్యాయం. గది కొలతలతో ఒక పటం గీసి, తేదీ వేసి, అద్దె ఒప్పందంతో కలిపి దాచుకోండి.

కరెంటుకు ఇదే వంతు సరిపోదు. బెజవాడ ఎండల్లో మీ గదిలో ఏసీ పగలంతా నడుస్తుంటే ఎనిమిదో వంతు మీకు నష్టం, ఏసీ పడకగదిలోనే ఉంటే అది మీకు అయాచిత లాభం. ఆ గదికి ఒక సబ్‌మీటరు పెట్టించుకుంటే వాదనకే తావుండదు. ఇంటర్‌నెట్ బిల్లులో ఇంట్లోవారి వాడకాన్ని తీసేసి మిగిలినదే రాయండి.

ల్యాప్‌టాప్ మూలధన వస్తువు (ఏళ్ల తరబడి వాడేది) కనుక దాని ధర మొత్తాన్ని ఒకే ఏడాది ఖర్చుగా రాయకూడదు. కంప్యూటర్లకు తరుగుదల (విలువలో ఏటా ఖర్చుగా రాసుకోనిచ్చే భాగం) 40 శాతం అయినా, మార్చి 31 నాటికి మీరు దాన్ని వాడింది 180 రోజుల లోపే కాబట్టి ఈసారికి సగం రేటు, అంటే 12,000 రూపాయలే వస్తాయి. దాని మీదే పిల్లలు పాఠాలు వింటుంటే అదీ తగ్గుతుంది. బల్లకు, కుర్చీకి తరుగుదల 10 శాతం.

అద్దెను నగదుగా చేతికివ్వకండి. ఒకే రోజు ఒకే వ్యక్తికి 10,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన వృత్తి ఖర్చును సెక్షన్ 40ఏ(3) ఒప్పుకోదు. మీ వంతు 2,250 రూపాయలే అయినా, మొత్తం 18,000 బ్యాంకు ద్వారా వెళితే ఏ చిక్కూ ఉండదు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో నా సొంత ఇంటి ముందు గదిలో ఇంటీరియర్ డిజైనర్‌గా పని చేస్తున్నాను. 2025-26లో ఫీజుల రూపంలో 22 లక్షలు, అంతా బ్యాంకు ద్వారానే వచ్చింది. అసిస్టెంటు జీతం, సైట్ల ప్రయాణాలు కలిపి ఖర్చు 8 లక్షల దాకా ఉంది. గదికి నాకు నేనే నెలకు 5,000 అద్దె చూపించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కుదరదు. మీ ఇంటికి మీరే అద్దె కట్టుకోలేరు. ఇంటి పన్ను, మరమ్మతులు, బీమాలో ఆ గది వంతు చెల్లుతుంది. స్థలం విలువ తీసేసి కట్టడం మీద 5 శాతం తరుగుదలలోనూ అదే వంతు వస్తుంది. అలాంటి గదిని వాళ్లమ్మ గారి దగ్గర అద్దెకు తీసుకున్నట్టు కాగితం రాసుకునేవారిని చూశాను. ఇల్లు నిజంగా ఆమెదై, డబ్బు నిజంగా ఆమె ఖాతాకు వెళ్లి, ఆమె దాన్ని తన ఆదాయంలో చూపితేనే దానికి విలువ.

అయితే మీ విషయంలో ఈ లెక్కలన్నీ అవసరమా అన్నది ముందు చూడాలి. ఇంటీరియర్ డెకరేషన్ చట్టం పేర్కొన్న వృత్తుల్లో ఉంది (అనువాదం లేదు, అందుకే పై పాఠకురాలికి ఈ దారి చెప్పలేదు). కనుక సెక్షన్ 44ఏడీఏ మీకు వర్తిస్తుంది. వసూళ్లు 50 లక్షల లోపు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉన్నవారు అందులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. అంతకన్నా ఎక్కువ వచ్చిందని మీరే చెబితే ఆ ఎక్కువ మొత్తం. మీకు వేరే ఆదాయం లేకపోతే 11 లక్షలు చూపినప్పుడు కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి ఉన్న రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. అసలు ఖర్చులే రాస్తే ఆదాయం 14 లక్షలు, పన్ను సెస్సుతో కలిపి 93,600 రూపాయలు. గది ఖర్చు, తరుగుదల ఆ సగంలోనే కలిసిపోయినట్టు చట్టం భావిస్తుంది కాబట్టి విడిగా మళ్లీ అడగలేరు. రేపెప్పుడైనా అసలు ఖర్చులు రాసే పద్దుల పద్ధతికి మారినా, ఆ ఏడాది తరుగుదల తీసుకున్నట్టే లెక్కించి, అది పోగా మిగిలిన విలువ నుంచే మీ కంప్యూటరు వంటి వస్తువుల లెక్క మొదలవుతుంది.