పన్ను పీకడానికి మళ్ళీ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: డాక్టరుగారూ, మావారికి కింద కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా ఉంది. మూడుసార్లు వాచింది. మారతహళ్ళిలో డెంటిస్టు ఓపీజీ ఎక్స్‌రే చూసి, వేరు నరం మీద ఉన్నట్టుంది, సీబీసీటీ స్కాన్ తీయించుకు రండి అన్నారు. మా తోడికోడలికి ఒక్క ఎక్స్‌రేతోనే పీకేశారు. ఇది డబ్బుల కోసమేనా? ఇదివరకు ఆ పక్క పంటికి రూట్ కెనాల్ చేసినప్పుడు ఎన్ని ఇంజెక్షన్లిచ్చినా మావారికి మొద్దుబారలేదు. పన్ను పీకిస్తే చూపు పోతుందని మా అత్తగారి భయం.
– ఓ పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: డబ్బుల కోసం స్కాన్లు రాసేవాళ్ళు లేరని నేననను. మీ డెంటిస్టు అడిగింది మాత్రం సబబే. కింది దవడ ఎముకలో సన్నటి కాలువ ఉంటుంది. అందులో నడిచే నరం దంతాల వేళ్ళ కింద నుంచి వచ్చి, గడ్డం పక్కనున్న రంధ్రంలోంచి బయటపడి కింది పెదవికి స్పర్శనిస్తుంది. అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి కాలువ రెండుగా చీలుతుంది. కొందరికి ఓ పాయ జ్ఞానదంతం వెనక ఎముకలోంచి పైకి వస్తుంది. గడ్డం దగ్గర రెండో రంధ్రం ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ఓపీజీ వంపు తిరిగిన దవడను అప్పడంలా చదును చేసి చూపిస్తుంది. నరం వేరుకు బుగ్గవైపుందా, నాలుకవైపుందా అన్నది అందులో తేలదు. మీ తోడికోడలి పన్ను నరానికి దూరంగా ఉండుంటుంది, అంతే. సీబీసీటీలో దవడను అడ్డంగా ముక్కలు కోసినట్టు చూస్తాం. మౌస్ తిప్పుతుంటే కాలువ నల్లటి చుక్కలా, చుట్టూ తెల్లటి అంచుతో కనిపిస్తుంది. వేరు తగిలేచోట ఆ తెల్ల అంచు మాయమైతే, అంటే మధ్యలో ఎముక లేకపోతే, నేను జాగ్రత్తపడతాను. నాలుకకు స్పర్శనిచ్చే నరం మాత్రం ఈ స్కాన్‌లోనూ కనపడదు, అది ఎముక బయట చిగురు కింద పోతుంది.

మత్తు ఎక్కకపోవడానికి చీము కారణం కావచ్చు, సూది కాస్త పక్కకు పడి ఉండొచ్చు. అవేవీ కాకపోతే పైన చెప్పినలాంటి అదనపు నరం పాయను అనుమానించాలి. నరం ఎముకలోకి దిగే చోటే మందిస్తాం. అంతకన్నా పైనే విడిపోయిన పాయకు అది అందదు. సర్జన్‌కు ఈ సంగతి ముందే చెప్పండి, గౌ-గేట్స్ పద్ధతిలో ఇంకాస్త పైన ఇస్తారు.

స్కాన్ ముఖమంతటికీ అక్కర్లేదు, ఆ పంటి మేరకు చాలు. రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. వేరు నిజంగానే నరాన్ని అంటుకుని ఉంటే, పంటి పైభాగం మాత్రం కోసేసి వేళ్ళు వదిలేసే కరోనెక్టమీ కుదురుతుందేమో అడగండి. వేళ్ళకు చీము పడితే అది కుదరదు.

మీ అత్తగారికి చెప్పండి, కంటిచూపు నరానికీ దీనికీ సంబంధమే లేదు. భయమల్లా పెదవో నాలుకో మొద్దుబారడం గురించే. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. సంతకం పెట్టమని ఇచ్చే ఫారం ఇక్కడ ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. మొద్దుబారొచ్చన్న మాట అందులో ఎక్కడ రాశారో వేలుపెట్టి చూపించమనండి.